ట్రంకాల్ భారతి

భారతి చివరిగా చేసిన పని, హెడ్‌సెట్టు తొడుగులు ఉతికి దండెం మీద ఆరేయడం.

టెలిఫోన్ ఆపరేటర్లు నెత్తిన పెట్టుకునే కమ్మి ఒకటి ఉంటుంది. దానికి చెవి దగ్గర ఒక నల్లటి బిళ్ల, నోటి దగ్గర ఒక చిన్న కొమ్ము. డ్యూటీ దిగిన మనిషి తీసి పెట్టగానే ఎక్కిన మనిషి అదే పెట్టుకోవాలి. ఒకరి చెమట ఇంకొకరికి. అందుకని భారతి పాత నూలు చీర చించి, చెవి బిళ్లకి సరిపోయేట్టు గుండ్రంగా తొడుగులు కుట్టుకుంది. ఆ ఆదివారం కార్తీకమాసపు ఎండలో పెరట్లో నిలబడి వాటిని పిండి, దులిపి, దండెం మీద వేసి, గాలికి పోకుండా క్లిప్పులు పెట్టింది. లోపలికొచ్చి, "తల నొప్పిగా ఉంది. కాసేపు పడుకుంటాను" అంది. లైను ఖాళీ లేదని చెప్పినంత మామూలుగా అంది.

తర్వాత లేపడానికి వెళ్ళిన మా అమ్మాయి రాధ తిరిగొచ్చి, "అమ్మ పలకట్లేదు నాన్నా" అంది. కారు మాట్లాడుకుని విజయవాడ బయల్దేరాం గానీ దారిలోనే అయిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. ఇంటికి తీసుకొచ్చేసరికి తొడుగులు ఎండి, గట్టిపడి, క్లిప్పులకి అలాగే వేలాడుతున్నాయి. అది 1987. భారతికి ముప్ఫై మూడేళ్ళు.

భారతి మొహం కంటే ముందు నాకు భారతి గొంతు తెలుసు. వాల్తేరులో ఎమ్మే ఇంగ్లీషు లిటరేచరులో నేను ఆలస్యంగా చేరాను. మొదటిరోజు వరండాలో గది వెతుక్కుంటుంటే లోపల ఎవరో ఆడపిల్ల పద్యం చదువుతోంది. నేను గుమ్మం బయటే నిలబడిపోయాను. చదవడం అయ్యాక గానీ లోపలికి వెళ్ళాలని గుర్తురాలేదు. నూజివీడు మామిడికాయల వ్యాపారి కూతురని, మా కులమేనని, మా పెద్దవాళ్ళకి వాళ్ళ పెద్దవాళ్ళు తెలుసునని తర్వాత తెలిసింది. ఆ తెలియడం వల్లే రెండేళ్ళ తర్వాత మా పెళ్ళి సులువుగా జరిగింది.

భారతి చదువుతూ చేతులు తిప్పేది కాదు, కళ్ళు పెద్దవి చేసేది కాదు. పుస్తకం మీంచి తల ఎత్తేదే కాదు. కానీ పద్యంలో వాన మొదలైతే వెనక బెంచీల వాళ్ళు కిటికీల వైపు చూసేవాళ్ళు. మా మేష్టారు ఒక దీర్ఘకావ్యం మొత్తం తను పాఠం చెప్పకుండా భారతి చేత చదివించి, "ఇక నేను చెప్పేదేముంది" అని పుస్తకం మూసేశారు.

ఆ క్లాసులో అందరం లెక్చరర్లమే అవుతామనుకున్నాం. ఇంగ్లీషు లిటరేచరు చదివినవాడు ఇంకేమవుతాడు? తీరా చూస్తే మా బ్యాచిలో లెక్చరర్లయింది ముగ్గురమే. నేను బాపులపాడు దగ్గర ఒక జూనియర్ కాలేజీలో పడ్డాను. విషాదాంత నాటకాల మీద ప్రాణం పెట్టిన గంగరాజు ఎరువుల కంపెనీకి రిప్రజెంటేటివ్ అయి స్కూటరు మీద డెల్టా అంతా తిరిగాడు. శారద సికింద్రాబాదులో ఒక ప్రెస్సులో పెళ్ళి శుభలేఖల ప్రూఫులు దిద్దేది. జోజిబాబు సువార్త సభల్లో విదేశాల నుంచి వచ్చిన బోధకుల పక్కన నిలబడి తెలుగులో చెప్పే పని చేసేవాడు. "దొర ఏడిస్తే నేనూ ఏడవాలి. దొర గెంతితే నేనూ గెంతాలి. మేష్టారు చూస్తే డిస్టింక్షను ఇచ్చేవారు" అని మా ఇంటికి వచ్చినప్పుడల్లా చేసి చూపించేవాడు. భారతి నవ్వలేక పొట్ట పట్టుకునేది. అప్పటికింకా అలా నవ్వేది.

భారతి కూడా లెక్చరరు ఉద్యోగాలకి వెళ్ళింది. ఒక కాలేజీ వాళ్ళు, "గొంతు బాగుందమ్మా, రేడియోకి వెళ్ళరాదూ" అన్నారు. రేడియో వాళ్ళు ఖాళీలు లేవన్నారు. ఇంతలో టెలిఫోన్ ఆపరేటరు పరీక్ష రాస్తే మొదటిసారే వచ్చింది. అదీ సొంత ఊళ్ళోనే. మా మామగారికి నచ్చలేదు.

"ఎమ్మే చదివింది హలో అనడానికా? హలో అనడానికి నా కొట్లో గుమాస్తా చాలడూ?"

"మీ గుమాస్తా హలో అంటే అవతలివాళ్ళు పెట్టేస్తున్నారు నాన్నా. నేనే కలిపి కలిపి చస్తున్నాను" అంది భారతి, చేరిన కొత్తలో. మామగారు కూడా నవ్వేశారు.

నూజివీడులో వేసవి నాలుగు నెలలూ ఎక్స్ఛేంజికి ఊపిరాడదు. బంగినపల్లి కాయ లారీలెక్కి ఢిల్లీ, నాగపూర్, కలకత్తా వెళ్తుంది. అక్కడ ఇవాళ ధర ఎలా ఉందో తెలిస్తే గానీ ఇక్కడ వ్యాపారి కాయ కొనడు. తెలియాలంటే ఎక్స్ఛేంజి వాళ్ళు కలిపే దూరపు ఫోను, ట్రంకాల్, బుక్ చేసుకోవాలి. అర్జెంట్ అనాలి, ఇంకా తొందరైతే లైట్నింగ్ అనాలి, అని కొట్లో ఫోను పక్కన కూర్చోవాలి. లైను దొరికినప్పుడు భారతి చెప్పే మాట ఒకటే. "మాట్లాడండి." లైను బాగుందో లేదో చూసుకోవాలి గనక అవతలి మాటలు మొదట కొంత ఆపరేటరు చెవిలో పడక తప్పదు. అంటే ఊళ్ళో అందరి వ్యాపారమూ భారతి చెవిలోంచే పోయేది. ఒకరి సంగతి ఒకరికి చెప్పకూడదన్నది ఉద్యోగం షరతు. అది షరతు కాకపోయినా భారతి చెప్పే మనిషి కాదు. ఆ సంగతి వ్యాపారులందరికీ తెలుసు. అందుకని ఎవరూ అడిగేవారు కాదు.

అడగలేదు గానీ, వాళ్ళు వినడం మొదలుపెట్టారు. భారతి అప్పటికే ఇతరుల కాల్స్ కలిపి ఉంటుంది కదా, ఢిల్లీ ధర పెరిగితే "మాట్లాడండి" అన్న మాట ఒకలాగా ఉంటుందని, పడిపోతే ఇంకోలాగా ఉంటుందని వాళ్ళలో వాళ్ళు తేల్చుకున్నారు. మామిడికాయల మార్కెట్టు యార్డులో కొత్తగా దిగిన వ్యాపారికి పాతవాళ్ళు ఈ విద్య నేర్పేవారట. కొందరైతే మాట్లాడే పని లేకపోయినా కాల్ బుక్ చేసి, భారతి ఆ ఒక్క మాట అనగానే చాల్లెమ్మని పెట్టేసేవారు. మాకు ఇవేమీ తెలియవు.

ఒక మే నెలలో భారతి పన్ను పీకించుకుని డ్యూటీకి వెళ్ళింది. బుగ్గ వాచి, దూది నోట్లో పెట్టుకుని పొద్దున్నించి "మాట్లాడండి" అంటూ కూర్చుంది. ఆ రోజు యార్డులో ఎవరూ కాయ కొనలేదు. ఢిల్లీ కూలిపోయిందని ఊరంతా గుప్పుమంది. సాయంత్రం భారతి ఇంటికొస్తుంటే, ఆగిరిపల్లి వైపు నుంచి బండి మీద కాయ తెచ్చిన కనకమ్మ అనే ఆవిడ దారిలో కూలబడి ఉంది. ఎకరమో ఎకరంన్నరో తోట ఆవిడది.

"ఏంటమ్మా, కాయ అమ్మలేదా?" అని భారతి అడిగింది.

"ఎవరు కొంటారమ్మా! ట్రంకాల్ పిల్ల ఏడుపుగొంతు పెట్టిందంట. ఆయమ్మకి ఏం రోగమొచ్చిందో, నా కాయ ఇక్కడే మగ్గిపోతా ఉంది" అంది కనకమ్మ, ఎదురుగా ఉన్నది ఆ ట్రంకాల్ పిల్లే అని తెలియక.

ఆ సంగతి విని జోజిబాబు పడీ పడీ నవ్వాడు. "భారతి దగ్గితే బంగినపల్లి పడిపోద్ది! మేష్టారికి ఉత్తరం రాయాల్సిందే." యార్డులో కూడా అదే హాస్యం చాలాకాలం నడిచింది. భారతి మాత్రం నవ్వలేదు. మర్నాటి నుంచి గొంతు మార్చింది. పెరిగినా పడినా, తనకి ఒంట్లో బాగున్నా లేకపోయినా, "మాట్లాడండి" ఒకేలా ఉండేట్టు సాధన చేసింది. వంటింట్లో పని చేసుకుంటూ ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ అనుకునేది. ఒకప్పుడు పద్యంలో ఒక్కొక్క పాదానికి ఎక్కడ ఆగాలో, ఎక్కడ తగ్గించాలో ఎలా పట్టుపట్టి చూసుకునేదో, అంత పట్టుదలతోనూ అందులోంచి అన్నీ తీసేసింది. కొన్నాళ్ళకి అది నిజంగానే ఏమీ లేని మాట అయింది. రాధ ఆటల్లో కొబ్బరి చిప్ప చెవికి పెట్టుకుని, కాల్ గడువు తీరిందని చెప్పేటప్పటిలా "మూడు నిమిషాలు అయిపోయినయ్యండీ" అని అమ్మని అనుకరిస్తే, అచ్చం అలాగే ఉండేది. పసిపిల్లకి కూడా పట్టుబడేంత సులువైన గొంతు అయిపోయింది.

అయినా వర్షాలు పడి సీజను అయిపోయాక ఇంట్లో మళ్ళీ మామూలుగా ఉండేది. నేను క్లాసులో చెప్పాల్సిన పాఠం పట్టుకొస్తే అన్నం తింటూ చదివి పెట్టేది. అదీ 1984 దాకానే.

ఆ ఏడు మామగారు పోయి, కొట్టు మా బావమరిది సత్యనారాయణమూర్తి చేతికి వచ్చింది. అక్కంటే ప్రాణం మూర్తికి. మే నెల మొదట్లో ఒక పొద్దున్న స్కూటరు మీద వచ్చి తిన్నగా వంటింట్లో పీట వాల్చుకున్నాడు. భారతి పెసరట్లు వేస్తోంది.

"ఏంటక్కా, మీ ఢిల్లీ వాళ్ళేమంటున్నారు?"

"నంబరు చెప్పమంటున్నారు."

"వేళాకోళం కాదే. మన యార్డు నారాయణరావు రెడ్డిగూడెంలో గుత్తకి తీసుకున్న తోట నాకు వదిలేస్తానంటున్నాడు. కాయ చేతికొచ్చిన తోట ఎవడైనా వదులుతాడా? నిన్న ఆయన ఢిల్లీ మాట్లాడాడా?"

"నువ్వూ బుక్ చేసుకోరా. కలుపుతాను."

"బుక్ చేశానుగా. రాత్రి నుంచి లైను లేదంది నువ్వేగా."

"లేదు మరి. గాలివానకి స్తంభాలు పడిపోయినయ్యి."

మూర్తి కాసేపు పెసరట్టు తుంచుకుంటూ కూర్చున్నాడు. "ఆయన సాయంత్రం లోపల తేల్చమన్నాడు. పోనీ నువ్వేమీ చెప్పొద్దు. ఒక్కసారి మాట్లాడండి అను. రోజూ అంటావే, అట్లాగే."

"పిచ్చా నీకు?"

"అనక్కా. నీ సొమ్మేం పోయింది?"

భారతి అట్లకాడ కింద పెట్టి తమ్ముడి వైపు చూసింది. "మాట్లాడండి" అంది.

మూర్తి కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత గట్టిగా నవ్వి నా వైపు తిరిగాడు. "ఏం లేదు బావా, బానే ఉంది. ఏదన్నా ఉంటే సొంత తమ్ముడి దగ్గర ఆ మాత్రం వణకదా?" ఇంకో అట్టు వేయించుకుని తిని, చేయి కడుక్కుని, రెడ్డిగూడెం వెళ్ళిపోయాడు. అతని స్కూటరు చప్పుడు సందు చివర దాకా వినపడింది. పెనం మీద అట్టు మాడిపోయింది. భారతి దాన్ని తిప్పలేదు.

లైను బాగయ్యేటప్పటికి తోట మూర్తిదైపోయింది. ఢిల్లీలో లారీలు దింపుకునే నాథుడు లేడు. నారాయణరావుకి ఆ సంగతి గాలివానకి ముందే తెలుసు. ఆయన ఏజెంటుతో మాట్లాడిన కాల్ కలిపింది భారతే. రెడ్డిగూడెం తోటలో కాయ చెట్టు మీదే పండి రాలింది. మూర్తి తండ్రి ఇచ్చిన కొట్టు అమ్ముకుని, చివరికి ఆ నారాయణరావు దగ్గరే గుమాస్తాగా చేరాడు.

"అక్క చెప్పలేదని కాదు బావా" అన్నాడు ఒకసారి సెంటర్లో కనపడి. "చెప్పదని నాకు తెలుసు. నేను అడగలేదు కూడా. కానీ గొంతులో కాస్త వణుకు కూడా లేకుండా ఎట్లా అనగలిగింది? పరాయివాళ్ళకి అన్నట్టే అంది."

నేను భారతిని అడిగాను. "నీకు తెలుసా?"

"నాకు తెలిసినవి ఏవీ నావి కావు" అంది. "వాడికి వణికితే, రేపు కనకమ్మకి కూడా వణకాలిగా" అంది. అంతకంటే ఎక్కువ ఎప్పుడూ మాట్లాడలేదు.

మూర్తి మా ఇంటికి రావడం మానేశాడు. కానీ నారాయణరావు కొట్లో కాల్స్ బుక్ చేసే పని అతనిదే. అందువల్ల ఆ మూడు వేసవులూ అక్కా తమ్ముళ్ళు రోజూ మాట్లాడుకున్నారు.

"నంబరు చెప్పండి."

"ఢిల్లీ అర్జెంటండీ, మేడమ్."

"మాట్లాడండి."

ఆ తర్వాత భారతి వానాకాలంలో కూడా ఇంట్లో చదవడం మానేసింది. పాఠం పట్టుకొస్తే, "అలవాటు తప్పింది. మీరే చదువుకోండి" అనేది. కోపంగా కాదు, విసుగ్గానూ కాదు. రాధని అన్నానికి పిలిచినా, పాలవాణ్ణి కేకేసినా, నాకు జ్వరమొస్తే నుదుటి మీద చేయి వేసి అడిగినా అదే గొంతు. వాల్తేరులో గుమ్మం బయట నన్ను నిలబెట్టిన గొంతు ఇక లేదనుకున్నాను. మనిషి ఉంది కదా అని సరిపెట్టుకున్నాను.

చివరి వానాకాలం మాత్రం మాకు బాగా గడిచింది. ఎందుకంటే భారతి గొడుగు విరిగిపోయింది. బాగు చేయించమని ఇచ్చిన కొట్టువాడు ఇవాళ రేపని తిప్పుతుంటే, మధ్యాహ్నం డ్యూటీ అయ్యే వేళకి నేనే బాపులపాడు బస్సు దిగి, తిన్నగా ఎక్స్ఛేంజికి వెళ్ళి, మెట్ల కింద నిలబడేవాణ్ణి. సీజను లేదు గనక లోపల పెద్దగా పని ఉండదు. పై కిటికీలోంచి నన్ను చూసి భారతి దిగి వచ్చేది. తొందరగా వస్తే తొందరగా కనపడుతుంది కదా అని నేను ఒక్కోరోజు ఆఖరి పీరియడ్ ఇంకొకరికి అప్పగించి కూడా వచ్చేవాణ్ణి. ఒకే గొడుగులో ఇంటికి నడిచేవాళ్ళం. ఎక్కువ మాటలు ఉండేవి కావు.

భారతి పోయిన పదకొండో రోజున మూర్తి వచ్చాడు. ఫొటో ముందు చాలాసేపు నిలబడి నా పక్కకొచ్చి కూర్చున్నాడు. "నిన్న కాల్ బుక్ చేస్తే ఇంకెవరో మాట్లాడండి అన్నారు బావా. మాట్లాడలేక ఫోను పెట్టేశాను" అన్నాడు. తర్వాత రాధని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.

సంక్రాంతి సెలవులు అయ్యాక ఒక మధ్యాహ్నం, సన్నగా పొడుగ్గా ఉన్న ఒకావిడ చేతిసంచీతో మా గుమ్మం ముందు నిలబడింది.

"భారతిగారి ఇల్లేనాండీ? నా పేరు ఆరోగ్యం. చింతలపూడి ఎక్స్ఛేంజిలో చేస్తానండి. ఇప్పుడే సెలవు దొరికింది."

ఆ పేరు భారతి నోట విన్నాను. రోజూ మధ్యాహ్నం రెండు ఎక్స్ఛేంజిల వాళ్ళూ లైను పరీక్ష చేసుకునేవాళ్ళు. ఆవిడ లోపలికొచ్చి, ఫొటో చూసి, "ఇట్లా ఉంటారా!" అంది. ఎనిమిదేళ్ళు రోజూ మాట్లాడుకున్నవాళ్ళు ఒకరినొకరు చూసుకోనేలేదు. మంచినీళ్ళు తాగి, చీరకొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మీ ఆవిడ ఎంత బాగా చదివేవారండీ!"

"ఏం చదివేది?"

"మీకు తెలీదా అండీ? పద్యాలండీ, ఇంగ్లీషువి. సీజన్లో కాదులెండి. వానలు పడ్డాక లైను టెస్టింగని పిలిచి, ఆరోగ్యం, ఉన్నావా, విను అనేవారు. నేను ఇంటరు కూడా తప్పినదాన్ని, నాకేం తెలుస్తుందండీ? మొదట్లో వద్దనేదాన్ని. తర్వాత నేనే అడిగేదాన్ని. ఏడుపొచ్చే చోట ఏడుపొచ్చేసేదండీ, ఎందుకో తెలీదు. పోయిన శ్రావణంలో ఒక పెద్దది మొదలెట్టారు. సముద్రం మీద తప్పిపోయిన వాళ్ళ కథంట. వాన మా దగ్గరా పడతా ఉండేది, అందులోనూ పడతా ఉండేది."

"ఇంట్లో చదివేది కాదమ్మా" అన్నాను.

"అడిగానండీ. ఇంట్లో మొదలుపెడితే ఎండాకాలానికి మళ్ళీ మూసుకోలేను ఆరోగ్యం అన్నారు." ఆవిడ సంచీ ఒళ్ళోకి తీసుకుని, మొహమాటంగా అడిగింది. "ఆ కథ సగంలో ఉండిపోయిందండీ. వాళ్ళు ఒడ్డుకు చేరతారా? మీకు తెలిస్తే చెబుతారని."

"చేరతారు, కొందరు" అన్నాను. "అంత పెద్దది కాదే అది. వానాకాలమంతా చదివినా ఎందుకు అవ్వలేదు?"

"ఎక్కడండీ, రోజూ నాలుగు లైన్లు అయ్యేసరికే ఆపేసేవారు. కిటికీలోంచి చూసి, మావారు గొడుగు తీసుకుని అప్పుడే వచ్చేశారు, మిగతాది రేపు అనేవారు."